చర్మం వొలిచి ఇచ్చినా...

మన తెలుగువాళ్ళకి కృతజ్ఞత పొంగుకొస్తే మాట అదుపులో వుండదు. "మీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను. నా చర్మం వొలిచి చెప్పులు కుట్టించి మీ కాళ్ళకి తొడిగినా తీరేది కాదు" అనేస్తాం. పిల్లకి సంబంధం కుదిర్చిన పెద్దమనిషితోనూ అంటాం, అబ్బాయికి సీటు ఇప్పించిన దూరపు చుట్టంతోనూ అంటాం. అవతలివాళ్ళు మర్యాదస్తులు కాబట్టి "అయ్యో, అంత మాటెందుకండీ" అని నవ్వేసి, కాఫీ తాగి వెళ్ళిపోతారు. "సరే, అయితే వొలిచి ఇవ్వండి" అన్నవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. అడగరన్న ధైర్యంతోనే కదా మనం అంత మాట అనగలుగుతున్నాం!

కానీ ఇప్పుడు అడిగే రోజులొచ్చాయి. చెప్పులు కుట్టించుకోవడానికి కాదు లెండి. ఒళ్ళంతా కాలిపోయిన మనిషికి కప్పడానికి. అడిగేది కూడా బతికుండగా కాదు. మన ప్రాణం పోయాక, ఆరు గంటల లోపల, మనవాళ్ళని అడుగుతారు. ఆ చర్మం ఎవరి ఒంటిమీదికి వెళుతుందో చెప్పరు. పుచ్చుకున్నవాళ్ళకి మన పేరూ తెలియదు. ఇచ్చినవాళ్ళెవరో తెలియనప్పుడు ఆ రుణం ఎవరికి తీర్చాలి? ఎవరికిస్తున్నామో తెలియనప్పుడు అది దానమెలా అవుతుంది? పైగా పుచ్చుకునేవాడు యుద్ధానికి వెళ్ళి ఛిద్రమై తిరిగొచ్చిన సైనికుడైతే, మనం అతనికి సాయం చేస్తున్నామా, యుద్ధానికి సాయం చేస్తున్నామా? కొన్నాళ్ళుగా ఈ ప్రశ్నలు నన్ను పట్టుకుని వదలడం లేదు. మీతో కాస్త చెప్పుకుందామని కూచున్నాను.

నేను పుట్టింది మదనపల్లె, మెట్టింది పుంగనూరు. మా అన్నయ్య కూతురు కుప్పంలో వైద్యం చదువుతోంది. ఈ మూడు వూళ్ళ మధ్యా బస్సుల్లో తిరిగే మాబోటి వాళ్ళకి కిటికీలోంచి కనిపించేవి టమాటా బుట్టలూ, చింతచెట్లూ, గుండ్రాళ్ళ కొండలూ. ఇంత నెమ్మదైన నేల మీద యుద్ధమేమిటి అనిపిస్తుంది. కానీ పుంగనూరు నుంచి కుప్పం వెళ్ళాలంటే పలమనేరు మీదుగా కదా వెళ్ళాలి. ఆ పలమనేరుకీ చిత్తూరుకీ మధ్య మొగిలి కనుమ వుంది. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలీసు దొర టిప్పుసుల్తాన్ని ఏమార్చి, ఆ కనుమ గుండానే తన సైన్యాన్ని పైకెక్కించి, పలమనేరు, కోలారు దారిన బెంగుళూరు మీదికి నడిపించాడు. ఆ సంవత్సరమే మదనపల్లెకి దగ్గర్లో వున్న గుర్రంకొండ కోటని నిజాము సైన్యం ముట్టడించింది. మనం ఈవేళ అరటిపళ్ళు కొనుక్కుని బస్సెక్కే చోట్ల అప్పుడు ఫిరంగులు దొర్లాయి.

ఫిరంగులు తమంతట తాము దొర్లవు కదా. ఎద్దులు లాగాలి. మా పుంగనూరు ఆవులు మేకపిల్లకన్నా కాస్త పెద్దవి, వాటి వంశం వాళ్ళకి పనికొచ్చి వుండదు గానీ, వేలకు వేల ఎద్దులు ఆ సైన్యాల వెంట నడిచాయి. ఎద్దుల వెంట వాటిని తోలే మనుషులూ నడిచారు. వాళ్ళ చేతుల్లో కత్తుల్లేవు, ముల్లుకర్రలే. వాళ్ళలో ఒకడి పేరు చరిత్రలో మిగిలింది. కవాస్‌జీ అనే మరాఠా రైతు బిడ్డ. ఇంగ్లీషువాళ్ళ సైన్యంలో ఎద్దులు తోలేవాడు. 1792 నాటికి ముగిసిన ఆ యుద్ధంలో టిప్పు మనుషులకి చిక్కాడు. వాళ్ళతని ముక్కూ, ఒక చెయ్యీ నరికి వదిలేశారు. టిప్పు ఒక్కడే క్రూరుడని దీనర్థం కాదు. ఆ రోజుల్లో ఏ పక్షమూ తక్కువ తినలేదు.

చెయ్యి నరికితే పని పోతుంది. ముక్కు కోస్తే ఏం పోతుంది? ఊపిరి ఆగదు. తిండి మానదు. పోయేది పరువు. అందుకే కోస్తారు. శూర్పణఖ ముక్కు పోయిందని మనందరికీ తెలుసు. ఆ ముక్కు మూలంగా ఎంత యుద్ధం జరిగిందో కూడా తెలుసు. కానీ ఆ మొహంతో ఆమె మిగతా రోజులు ఎలా వెళ్ళదీసిందో, అద్దం ముందు కూచున్నప్పుడు ఏమనుకుందో మనకెవరూ వివరించి చెప్పలేదు. కథలో ఆమె పని అయిపోయింది కాబట్టి.

కవాస్‌జీ కథ మాత్రం అక్కడితో ఆగలేదు. ఏడాదికి పైగా ముక్కు లేకుండా బతికాక, పూనా దగ్గర ఇటుకలు చేసే కులంవాడొకడు అతనికి కొత్త ముక్కు పెట్టాడు. చూడ్డానికి ఇద్దరు ఇంగ్లీషు వైద్యులు కూడా కూచున్నారు. ముందు మైనం పలకని ముక్కు ఆకారానికి మలిచి, దాన్ని చదును చేసి నుదుటి మీద పెట్టి గీత గీశాడు. ఆ గీత వెంట నుదుటి చర్మాన్ని కోసి, రెండు కళ్ళ మధ్య మాత్రం చిన్న తొడిమలా వదిలేశాడు. ఆ తొడిమలోంచే నెత్తురు పారాలి. చర్మాన్ని మెలితిప్పి కిందికి దించి, ముక్కు వున్న చోట అతికించాడు. దేనితో అతికించాడో తెలుసా? మనం తాంబూలంలో వేసుకునే కాచుతో! కాచు నీళ్ళలో మెత్తబరిచి, గుడ్డపేలికల మీద రాసి, ఒకదానిమీద ఒకటి ఐదారు వేశాడు. నాలుగు రోజులదాకా ఇంకే కట్టూ లేదు. పాతికో రోజుకి తొడిమ తెంపేశాడు. మామిడి అంటు అతుక్కున్నాక కిందికొమ్మ కోసేస్తామే, సరిగ్గా అలాగే.

ఈ సంగతి 1794 అక్టోబరులో లండన్‌లోని 'జెంటిల్‌మన్స్ మ్యాగజైన్' అచ్చువేసింది. అది చదివి ఇరవై ఏళ్ళు సాధన చేసిన జోసెఫ్ కార్పూ అనే వైద్యుడు 1814లో లండన్‌లో ఒక సైనికాధికారికి అదే పద్ధతిలో ముక్కు పెట్టాడు. ఎప్పుడో సుశ్రుతుడు చెప్పిన విద్య, ఇటుకలు చేసే చేతుల్లో బతికి, సముద్రాలు దాటింది. కవాస్‌జీ పేరు మిగిలింది గానీ, అతనికి ముక్కు పెట్టిన మహానుభావుడి పేరు ఆ పత్రికలో లేదు. చూశారా, పేరు తెలియని రుణం అప్పుడే మొదలైంది.

ఆ ఇటుకలవాడు 'నువ్వు ఎవరి పక్షంలో వున్నావు, ఎవరి ఎద్దులు తోలావు' అని అడిగి ముక్కు పెట్టలేదు. ముక్కు లేనివాడు, ముక్కు కావాలి. అతనికి అంతే తెలుసు. ఈ మాట తర్వాత మనకి పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

యుద్ధాలు పెద్దవయ్యాయి, గాయాలూ పెద్దవయ్యాయి. మొదటి ప్రపంచయుద్ధంలో మొహాలు చితికిపోయిన వేలమంది కుర్రాళ్ళకి హెరాల్డ్ గిల్లీస్ అనే డాక్టరు 1917 నుంచీ సిడ్‌కప్ అనే వూళ్ళో ప్రత్యేకంగా ఒక ఆసుపత్రిలో వైద్యం చేశాడు. ఆ వార్డుల్లో అద్దాలు వుండనిచ్చేవాళ్ళు కాదట. రోజుకి పదిసార్లు అద్దం చూసుకునే మనకి ఆ ఒక్క మాట చాలు, అక్కడి దుఃఖమంతా తెలియడానికి.

అయితే ఈ అతుకులన్నీ ఎవరి చర్మం వాళ్ళకే. నుదుటిది ముక్కుకీ, తొడది చెంపకీ. మరి ఒళ్ళంతా కాలినవాడికి సొంత చర్మం ఎక్కణ్ణుంచి తేవాలి? ఇంకొకరిది పెడితే? రెండో ప్రపంచయుద్ధంలో కాలిపోయిన వైమానికుల్ని చూసి పీటర్ మెడవార్ అనే శాస్త్రజ్ఞుడు ఈ ప్రశ్న పట్టుకున్నాడు. ఆయనా, గిబ్సన్ అనే వైద్యుడూ కలిసి గ్లాస్గోలో కాలిన గాయాలతో వచ్చిన ఒక యువతికి ఆమె సోదరుడి చర్మం ముక్కలు పెట్టి చూశారు. కొన్నాళ్ళు అతుక్కున్నట్టే వుండి రాలిపోయాయి. మళ్ళీ పెట్టారు. రెండోసారి ఇంకా త్వరగా రాలిపోయాయి. అంటే ఆమె శరీరం ఒకసారి చూసిన పరాయివాణ్ణి గుర్తుపెట్టుకుంది! ఒకే తల్లి కడుపున పుట్టిన తోబుట్టువునే పరాయివాడంది. 1943లో ఈ సంగతి వెల్లడైంది. మెడవార్‌కి 1960లో నోబెల్ బహుమతి వచ్చింది. అమెరికాలోనూ అంతే. యుద్ధంలో కాలినవాళ్ళకి వైద్యం చేసిన జోసెఫ్ మర్రే అనే సైనిక వైద్యుడు, పరాయి చర్మం ఎందుకు నిలవదన్న ప్రశ్నతోనే ఇంటికొచ్చి, 1954లో కవలల మధ్య మూత్రపిండం మార్చాడు. ఇవాళ మన బంధువుల్లో ఎవరో ఒకరికి కిడ్నీ మార్చారని వింటున్నామే, దాని వేళ్ళు ఆనాటి సైనికుల గాయాల్లో వున్నాయి.

అదే మెడవార్ 1953లో ఇంకో ప్రశ్న వేశాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది దానివల్లనే. పరాయిదాన్ని ఇంత కచ్చితంగా తోసేసే ఒళ్ళు, కడుపులోని బిడ్డని ఎందుకు తోసెయ్యదు? బిడ్డలో సగం తండ్రిది. అంటే తల్లికి సగం పరాయిది. అయినా తొమ్మిది నెలలు మోస్తుంది. దీనికి జవాబు శాస్త్రజ్ఞులు ఇంకా ముక్కలుముక్కలుగా వెతుక్కుంటూనే వున్నారు. పుట్టింటి నుంచి తెచ్చి మెట్టింట్లో నాటితే, కొన్నాళ్ళు వాడి, తర్వాత చిగిర్చి, ఆ ఇంటి పేరే తన పేరు చేసుకునే ఆడవాళ్ళకి ఆ ప్రశ్న వింతగా అనిపించదు. అంటు కట్టడమంటే మనకి బాగానే తెలుసు. రెండువైపులా ఎంత నొప్పో కూడా తెలుసు.

ఇక దగ్గరి సంగతికి వస్తాను. 2021 డిసెంబరు 8న తమిళనాడులో కూనూరు దగ్గర సైనిక హెలికాప్టరు కూలి, జనరల్ బిపిన్ రావత్ దంపతులతో సహా అందులో వున్నవాళ్ళు కాలిపోయిన వార్త మీకు గుర్తుండే వుంటుంది. అందులో లాన్స్ నాయక్ సాయితేజ మావైపు కుర్రాడే. మదనపల్లె దగ్గర కురబలకోట మండలం ఎగువరేగడ. మనిషిని గుర్తుపట్టడానికి డి.ఎన్.ఏ. పరీక్షలు చెయ్యాల్సి వచ్చింది. ఆ తర్వాత గానీ ఆ పల్లెకి చేర్చలేదు. ఆ నాలుగు రోజులూ మదనపల్లెలో ఏ ఇంట్లోనూ అన్నం సహించలేదంటే అతిశయోక్తి కాదు.

ఆ ప్రమాదంలో ఒక్కరు మాత్రం కొనప్రాణంతో మిగిలారు. గ్రూప్ కెప్టెన్ వరుణ్ సింగ్. ఆయన్ని బెంగుళూరు సైనిక ఆసుపత్రికి తెచ్చారు. ఒళ్ళంతా కాలింది. బెంగుళూరు విక్టోరియా ఆసుపత్రిలోని చర్మనిధి నుంచి ఆయన చికిత్స కోసం చర్మం వెళ్ళిందని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఎవరిదా చర్మం? మామూలుగా జబ్బుతోనో, ముసలితనంతోనో పోయిన ఎవరో మామూలు మనుషులది. వాళ్ళు పోతూ పోతూ ఒక వైమానికుడికి కప్పుకోవడానికి కొంత ఇచ్చి వెళ్ళారు.

ఆయన బతకలేదు. డిసెంబరు 15న పోయారు.

ఆ రోజు నుంచే నాకీ ఆలోచన. ఆ ఇచ్చింది వృథా అయినట్టేనా?

సంక్రాంతి సెలవులకి కుప్పం నుంచి వచ్చిన మేనకోడలిని అడిగాను, అసలు ఈ చర్మం ఎలా పనిచేస్తుందని. అది ఓపికగా చెప్పింది. చనిపోయిన ఆరు గంటల్లోగా తొడలూ, కాళ్ళూ, వీపు మీద నుంచి పైపొర మాత్రం పల్చగా తీస్తారట. నెత్తురు కారదు. కట్టు కట్టేస్తారు. రక్తం గ్రూపు కలవనవసరం లేదు. పద్ధెనిమిది నిండిన ఎవరిదైనా, అంటువ్యాధులూ చర్మవ్యాధులూ లేకపోతే చాలు, తీసుకోవచ్చు. గ్లిజరిన్‌లో చల్లగా దాస్తే ఐదేళ్ళదాకా నిలవవుంటుంది.

"అయితే అది అతుక్కుని వాళ్ళ చర్మం అయిపోతుందా?" అన్నాను.

"అవదత్తా. రెండు మూడు వారాల్లో ఒళ్ళు దాన్ని తోసేస్తుంది. ఈలోగా గాయంలోంచి నీరు కారిపోకుండా, చీము పట్టకుండా, నొప్పి తెలియకుండా కాపాడుతుంది. ఈలోగా మనిషి కాస్త తేరుకుంటే సొంత చర్మం తీసి వెయ్యొచ్చు. అంతే."

నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రాలిపోతుందని తెలిసి ఇచ్చే దానం! మనం గుడికి గంట కట్టిస్తే పేరు చెక్కిస్తాం. స్కూల్లో ఫ్యాను పెట్టిస్తే దాని రెక్కమీద కూడా పేరు రాయిస్తాం. ఇక్కడ పేరు లేదు, ఆ వస్తువూ నిలవదు. మూడు వారాలు కాపలా కాసి, సొంతదారు రాగానే తప్పుకునే కాపలాదారు.

పక్కన కూచుని వత్తులు చేసుకుంటున్న మా పెద్దత్తయ్యగారికి ఈ మాటలు నచ్చలేదు. "ఏమ్మే, పండగపూట ఇంకే మాటలూ దొరకలేదా మీకు? నిండు మనిషిని నిండుగా సాగనంపాల గానీ, తోలు గీకి పంపిస్తే మళ్ళీ జన్మలో ఎట్ల పుడతాడో!" అన్నారు.

"అవ్వా, నువ్వు బీరకాయ చెక్కు తీస్తావు కదా, అంతకన్నా పల్చగా తీస్తారు" అంది పిల్ల.

ఆవిడ వత్తి చేస్తూ చేస్తూ ఆగి, "మొహం మీదిది తీయరు కదా?" అన్నారు.

"తీయరు."

"మరి ఎవరికి వేస్తారంట?"

"ఎవరికైనా. బాంబు పేలి కాలినవాళ్ళకీ, వంటింట్లో కాలినవాళ్ళకీ."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. మా ఇంట్లో ఎప్పుడో, నేను కోడలిగా రాకముందు, చీర అంటుకుని పోయిన ఒక ఆడబిడ్డ వుండేదని నాకు తెలుసు. ఆమె గురించి ఎవరూ మాట్లాడరు. ఆవేళ కూడా మాట్లాడలేదు.

మన దేశంలో మంటల్లో కాలి పోయేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. కొందరివి ప్రమాదాలు. కొందరివి ప్రమాదాలని రాసుకున్నవి. సైనికుల గాయాల కోసం మొదలుపెట్టిన పరిశోధన చివరికి మన వంటింటి గుమ్మంలోకి కూడా వచ్చిందంటే, ఆ రెండు చోట్లా ఒకే రకం మంట మండుతోందన్నమాట. సరిహద్దులో కాలినవాడికి పతకమిస్తారు. వంటింట్లో కాలినదానికి వాంగ్మూలం తీసుకుంటారు. చర్మనిధి మాత్రం ఇద్దరికీ ఒకే సీసాలోంచి ఇస్తుంది. నాకు అది నచ్చింది.

ఇప్పుడు కాస్త కష్టమైన ప్రశ్న. చర్మమంటే రాలిపోయేది. రాలిపోకుండా నిలిచేవి ఇస్తే?

కేరళలో కొచ్చి నగరంలోని అమృత ఆసుపత్రిలో 2015 జనవరిలో మన దేశంలో మొట్టమొదటిసారిగా ఒకరి చేతులు ఇంకొకరికి అతికించారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో రెండోసారి. ఆ రెండో మనిషి అబ్దుల్ రహీమ్ అనే ఆఫ్ఘన్ సైనిక కెప్టెన్. కాందహార్‌లో మందుపాతరలు తీస్తూ రెండు చేతులూ పోగొట్టుకున్నాడు. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన యాభై నాలుగేళ్ళ కేరళ మనిషి చేతులు అతనికి పెట్టారు. ఎముకకి ఎముక, నరానికి నరం, రక్తనాళానికి రక్తనాళం. కవాస్‌జీకి ముక్కు వచ్చింది గానీ చెయ్యి రాలేదు. ఆ చెయ్యి రావడానికి ఇంచుమించు 220 ఏళ్ళు పట్టింది.

ఒక్కసారి ఆ కేరళ ఇల్లాలి చోట మీరుండి చూడండి. గుండె అంటే లోపలెక్కడో వుండేది. మూత్రపిండం మనమెన్నడూ చూడనిది. చేతులు అలా కాదు. పెళ్ళినాడు మెళ్ళో తాళి కట్టిన చేతులు. పిల్లల్ని ఎత్తుకున్న చేతులు, జ్వరమొస్తే నుదుటి మీద వేసిన చేతులు. ఆ వేళ్ళమీది గీతలు కూడా ఆమెకి తెలుసు. వాటిని భాష తెలియని, దేశం తెలియని ఒక సైనికుడికి ఇమ్మన్నారు. ఆ చేతులు రేపు తుపాకీ పట్టవని ఎవరైనా హామీ ఇవ్వగలరా? ఆ కుటుంబం ఇచ్చింది.

ఇచ్చినంత మాత్రాన సుఖాంతం కాదు. పుచ్చుకున్నవాడు ఒళ్ళు తిరగబడకుండా బతికినన్నాళ్ళూ మందులు మింగాలి. ఆ మందులు జబ్బుల్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. మూత్రపిండాల్ని దెబ్బతీయొచ్చు, క్యాన్సరుకి దారితీయొచ్చు. 2005లో ప్రపంచంలో మొదటిసారి ఇంకొకరి మొహంలో కొంత భాగం పెట్టించుకున్న ఫ్రాన్సు మహిళ ఇసబెల్ దినోయర్ 2016లో నలభై తొమ్మిదేళ్ళకే క్యాన్సరుతో పోయింది. 1998లో పరాయి చెయ్యి పెట్టించుకున్న ఒక మనిషి, మందులు మానేసి, అది తనది కాదనిపిస్తోందని 2001లో తీయించేసుకున్నాడు. గుండె మారిస్తే ప్రాణం దక్కుతుంది. చెయ్యి లేకపోయినా, మొహం లేకపోయినా ప్రాణం వుంటుంది. మరి వున్న ప్రాణాన్ని పణం పెట్టి పరువు కొనుక్కోవడం సబబేనా?

దీనికి జవాబు నాకు మా పక్కనే వున్న వేలూరులో దొరికింది. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1948 నుంచీ పాల్ బ్రాండ్ అనే డాక్టరు కుష్ఠువ్యాధితో వంకరపోయిన వేళ్ళని, వాళ్ళ కండరాల తాళ్ళే అటుదిటు మార్చి కట్టి, సాపు చేశాడు. చేతులు బాగుపడ్డాయి. అయినా వాళ్ళకి పని ఇచ్చేవాళ్ళు లేరు. కారణం, కనుబొమలు రాలిపోయిన మొహం చూడగానే జబ్బు తెలిసిపోయేది. అప్పుడాయన నెత్తిమీది చర్మం తెచ్చి కనుబొమలు పెట్టాడు. అవి తలవెంట్రుకలే కదా, ఆగకుండా పెరిగేవి. కత్తిరించుకోవాలి. కొందరు మురిసిపోయి కత్తిరించుకోకుండా కళ్ళమీదికి వేలాడేలా పెంచుకున్నారట! కనుబొమలు లేకపోతే ఎవరూ చావరు. కానీ నలుగురిలో కూచోలేరు. నలుగురిలో కూచోలేని బతుకు ఎంత బతుకో ఆ నలుగురిలో కూచున్నవాళ్ళు తేల్చకూడదు. అది కోల్పోయినవాడే తేల్చుకోవాలి. మందుల సంగతీ, ప్రమాదం సంగతీ దాచకుండా చెప్పడం వరకే వైద్యుడి పని.

ఇక మిగిలింది యుద్ధం సంగతి. 2008లో అమెరికా సైన్యం ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ గాయాల కోసం చర్మాన్నీ, అవయవాల్నీ తిరిగి పెంచే పరిశోధనకి పెద్ద సంస్థనే పెట్టింది. మన సైన్యం కూడా 2024లో ఢిల్లీ సైనిక ఆసుపత్రిలో సొంత చర్మనిధి తెరిచింది. ఒక చేత్తో నరకడం, ఇంకో చేత్తో కుట్టడం. 'ఎలాగూ కుడతారులే' అన్న ధీమాతో ఇంకా ఎక్కువ నరుక్కోరా అని ఎవరైనా అడగొచ్చు. నేనూ అడుక్కున్నాను. కానీ ఆలోచించండి. 1791లో మొగిలి కనుమ ఎక్కిన సైన్యానికి మత్తుమందు లేదు, చర్మనిధి లేదు, చెయ్యి అతికించేవాళ్ళు లేరు. అయినా యుద్ధం ఆగిందా? కుట్టేవాడు లేడని ఏ రాజూ కత్తి దించలేదు. కాబట్టి కుట్టడం మానేస్తే యుద్ధం మానదు. కవాస్‌జీకి ముక్కు లేకుండా పోతుంది, అంతే.

మన పురాణాల్లో దధీచి మహర్షి తన వెన్నెముక ఇచ్చాడు. దానితో ఇంద్రుడు వజ్రాయుధం చేసుకున్నాడు. అది ఎంత గొప్ప త్యాగమైనా ఆయుధం కోసం చేసిన త్యాగం. ఇవాళ మామూలు మనిషి ఇచ్చే చర్మం ఆయుధం చేసిన గాయం మీద పడుతోంది. ఏది గొప్పదో చెప్పే అర్హత నాకు లేదు గానీ, నా ఒంటిది ఏదైనా ఇవ్వాల్సి వస్తే ఈ రెండోదానికే ఇవ్వాలని వుంది. శ్రీకాళహస్తి కన్నప్ప కూడా కన్ను పెరికి పెట్టింది నెత్తురు కారుతున్న కంటికే కదా.

ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. అతికించాం కాబట్టి ఏమీ జరగలేదనుకోకూడదు. అబ్దుల్ రహీమ్ తన కొత్త చేతులతో తన దేశం వెళ్ళాడు. 2021 ఫిబ్రవరిలో కాబూల్‌లో బాంబు పేల్చి అతన్ని చంపేశారు. ఆ కేరళ మనిషి చేతులు రెండోసారి చనిపోయాయి. యుద్ధం తాను వదిలేసిన పని మళ్ళీ వచ్చి పూర్తిచేసుకుంటుంది. వైద్యం యుద్ధానికి విరుగుడు కాదు. దాని విరుగుడు వేరే చోట వెతుక్కోవాలి.

అయితే ఆ చేతులు వృథా అయ్యాయా? వరుణ్ సింగ్ ఒంటిమీది చర్మం వృథా అయిందా? ఎంతకాలం నిలిచిందన్న లెక్కతో చూస్తే అవునేమో. కానీ మనం చేసే పనుల్లో నిలిచేదెంత? పొద్దున వండిన అన్నం సాయంత్రానికి వుండదు. జ్వరంతో వున్న పిల్లాడి నుదుటి మీద వేసిన తడిగుడ్డ అరగంటలో ఆరిపోతుంది. ఆరిపోతుందని వేయడం మానతామా? ఆ కెప్టెన్ ఐదారేళ్ళు తన చేతుల్తో తాను అన్నం తిన్నాడు. ఆ వైమానికుడి పచ్చి ఒంటికి ఆ వారం రోజులూ గాలి సూదుల్లా గుచ్చుకోకుండా ఏదో ఒకటి అడ్డుపడింది. ఆ వేళకి అవి చెయ్యాల్సిన పని చేశాయి.

ఇక రుణం మాట. ఇచ్చినవాడు లేడు, పేరు లేదు, తిరిగి తీర్చే దారి లేదు. అందుకే ఈ రుణం వెనక్కి వెళ్ళదు, ముందుకే పోతుంది. పుచ్చుకున్నవాడు ఇంకెవరికో ఇస్తాడు. ఆ ఇటుకలవాడి రుణం కార్పూ ఇంకొకడి ముక్కుతో తీర్చినట్టు.

చివరగా మన ఆడవాళ్ళతో ఒక్క మాట. ఇంట్లో మనిషి పోయినప్పుడు మనల్ని మూలన కూచోబెట్టి, నలుగురూ చుట్టూ చేరి ఏడిపిస్తారు. వాకిట్లో మగవాళ్ళు పాడె గురించీ, బ్రాహ్మడి గురించీ, కబుర్లు పంపడం గురించీ మాట్లాడుకుంటారు. ఆ ఆరు గంటలూ అలాగే గడిచిపోతాయి. కానీ అవయవదానం గురించిన 1994 నాటి చట్టాన్ని 2011లో సవరించి చర్మం లాంటి కణజాలాల్ని కూడా చేర్చినప్పుడు, ఆ చట్టం దగ్గరి బంధువుల్లో భార్యనీ, తల్లినీ, కూతుర్నీ లెక్కేసింది. ఇంట్లో మన మాట అడిగేవాళ్ళు లేకపోయినా, చట్టం అడుగుతుంది. అప్పుడు మనకి నోరు పెగలదు. నోరు పెగలని వేళ కోసం నోరున్నప్పుడే చెప్పి వుంచాలి. నాకేం కావాలో నేను, ఆయనకేం కావాలో ఆయన. మన ప్రాంతానికి దగ్గర్లో చర్మనిధి ఎక్కడుందో, ఫోను చేస్తే ఇంటికి ఎవరొస్తారో కనుక్కుని, గ్యాసు నంబరు రాసిపెట్టుకున్న చోటే దాన్నీ రాసిపెట్టుకోవాలి. ఇవ్వమనే చెప్పాలని నేననడం లేదు. వద్దనుకుంటే వద్దనే చెప్పండి. కానీ అది మీ నోటితో చెప్పిన మాట అయివుండాలి.

మా ఇంట్లో ఆ మాట అయిపోయింది. మావారు కాస్సేపు ఆలోచించి, "సరే, నా వీపు మీదిది తీసుకోమను. ఇన్నేళ్ళూ నీ మాటలు పడి అది బాగా గట్టిపడి వుంటుంది" అన్నారు. పెద్దత్తయ్యగారు మాత్రం ఇంకా "చూద్దాం" అనే అంటున్నారు. ఆవిడకి తొంభై ఒకటి. నిదానంగానే ఆలోచించుకోనిద్దాం.